పూడిక మీద పెత్తనం

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఒకటి ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించి అనంతరాజ సాగరమని పేరు పెట్టాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాతిపనికి వంద బండ్లు, రెండేళ్ల కాలం పట్టిందని లెక్క చెప్పి, మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలను, పట్టే ఆరు దోషాలను ఆ శాసనం వరసపెట్టి చెబుతుంది. కట్ట నుంచి నీరు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం, చెరువు నడుమ మిట్ట లేవడం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై సాగునేల తక్కువ కావడం: ఇవీ ఆ ఆరు దోషాలు. మన పూర్వుల ఇంజనీరింగ్ ప్రతిభకు సాక్ష్యంగా ఈ జాబితాను తరచుగా చూపిస్తుంటారు. అయితే అందులో పూడిక లేదు. కట్టేవాడికి అది తట్టలేదనుకోవడం పొరపాటు. ఆరు దోషాల్లో చాలా భాగం చోటు ఎంచుకోవడంలో జరిగే తప్పులు. పూడిక ఆ కోవలోకి రాదు, ఎంత మంచి చోట కట్టినా ప్రతి చెరువుకూ అది వచ్చి తీరుతుంది. అందుకే పూడిక చరిత్రను కట్టించిన రాజుల శాసనాల్లో వెతికితే దొరికేది తక్కువ. చెరువును ఏటా చూసుకున్నందుకు ఎవరికి ఏ భూమి ఇచ్చారు, ఎవరికి పంటలో ఎంత కొలిచారు అన్న ఇనాము లెక్కల్లో వెతకాలి. ఆ లెక్కలు చూసినకొద్దీ ఒక విషయం తేటపడుతుంది. మట్టి మీద పెత్తనం చేసేవాడికి నీటిలో వాటా ఉన్నంతకాలమే ఆ పెత్తనం నడిచింది. వాటాను, పెత్తనాన్ని విడదీసిన ప్రతిసారీ చెరువు పూడింది. విడదీసినవాళ్లు కంపెనీ దొరలా, నిజాం అధికారులా, మన సొంత ప్రభుత్వాలా అన్నదాన్ని బట్టి ఫలితం పెద్దగా మారలేదు.

ఏటా చూసుకోవడమంటే ఏమిటో తెలియాలంటే పూడిక ఎక్కడెక్కడ పడుతుందో చూడాలి. వాగు చెరువులోకి దిగేచోట ప్రవాహం ఒక్కసారిగా మందగిస్తుంది. బరువైన గరుసు, ఇసుక అక్కడే దిగబడతాయి. ఇంకాస్త లోపల సన్న ఇసుక, చిట్టచివర కట్ట దగ్గర ఒండ్రు, బంకమట్టి పేరుకుంటాయి. వేసవిలో చెరువు ఎండినప్పుడు చూస్తే కట్ట వైపు నేల నల్లగా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది, వాగు మొఖాన మొరం, ఇసుక మేటలు తేలి ఉంటాయి. ఎర్ర చల్కా పొలానికి తోలుకోవడానికి రైతుకు కావలసింది ఆ నల్లమట్టే. ఇసుక మేటల వైపు ఎవరూ బండి తోలరు. కానీ అవి పెరిగితే వాగు దారి మళ్లి చెరువుకు నీరు రావడమే తగ్గిపోతుంది. ఇటు నల్లమట్టి కోసం కట్ట మొదట్లో తవ్వితే కట్ట బలం పోతుంది. తూము నోటి మట్టం కన్నా లోతుకు తవ్వితే ఆ గుంటలో నిలిచిన నీరు కాలువకు ఎక్కదు. అడుగున నీటిని పట్టి ఉంచే బంక పొర తెగిందంటే చెరువు ఇంకిపోవడం మొదలవుతుంది. ఎక్కడ తవ్వాలి, ఎంత లోతు తవ్వాలి, ఎక్కడ తవ్వనివ్వకూడదు అనేవి ప్రతి చెరువుకూ, ప్రతి ఏడూ విడిగా తేల్చాల్సిన సంగతులు. అంచనా కాగితం రాసి రాజధానిలో సంతకం పెట్టించే పద్ధతికి ఇవి లొంగవు. చెరువు నిండినప్పుడూ ఎండినప్పుడూ కట్ట మీద నడిచే మనిషి ఒకడు కావాలి.

ఆ మనిషిని రాయలసీమలో నీరుగంటి అన్నారు, తెలంగాణలో నీరటి అన్నారు. తూము ఎత్తడం, దించడం, మడికి మడికి నీరు పారించడం అతని పని. కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు అతనికి మేర దక్కేది. పంట ఎండితే అతని మేరా ఎండేది. ఆ పైన దశబంధం ఇనాములు ఉండేవి. చెరువు కట్టినవాడికో, తెగిన చెరువును మళ్లీ నిలబెట్టినవాడికో ఆ చెరువు కింద కొంత భూమి గానీ, శిస్తులో కొంత భాగం గానీ వదిలిపెట్టి, దానికి బదులుగా చెరువును మరమ్మతులో ఉంచే షరతు పెట్టేవారు. విడిగా భూమి ఇస్తే ఖండం దశబంధమని, ఆయకట్టు శిస్తులో వాటా వదిలితే షామిలాతు దశబంధమని మద్రాసు రెవెన్యూ రికార్డులు రెండు రకాలు చెబుతాయి. కడప, అనంతపురం, నెల్లూరు, ఉత్తరార్కాటు ప్రాంతాల్లో ఇవి దండిగా ఉండేవి. నిజాం రాజ్యంలో దస్తబందు అనే ఏర్పాటూ ఇలాంటిదే. ఇందులో షామిలాతు పద్ధతి మరీ గడుసుది. చెరువులో నీరు తగ్గితే సాగు తగ్గుతుంది, సాగు తగ్గితే శిస్తు, శిస్తు తగ్గితే దశబంధందారు వాటా తరుగుతుంది. పైనుంచి తనిఖీకి ఎవరూ రానక్కర్లేదు, పూడిక నష్టం ఏ ఏటికా ఏడు అతని గాదెలోనే కనబడుతుంది. ఇక తీసిన మట్టి పారబోసేదీ కాదు. ఎర్ర నేలకు చెరువు మట్టి తోలితే పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది, ఎరువు ఖర్చు తగ్గుతుంది. మాఘం దాటాక ఖాళీగా ఉన్న ఎద్దులకూ బండ్లకూ అదొక పని. మట్టి పై పొలాలకు ఎక్కుతుంది, చెరువు కొంత ఖాళీ అవుతుంది, వానకు మళ్లీ కొంత దిగుతుంది. చెరువు మొత్తాన్ని ఎవరూ ఎన్నడూ ఖాళీ చేయలేదు. తూము నోరు, వాగు మొఖం పూడకుండా చూసుకోవడం, పొలానికి పనికొచ్చేంత మట్టి తోలుకోవడం, సాగిన పని అంతవరకే.

ఇదంతా పాత రోజులను బంగారు యుగం చేసి చూపడమేనని ఒక ఆక్షేపణ వస్తుంది. అది తీసిపారేయాల్సిన ఆక్షేపణ కాదు. చెరువుల పాలనకు మనవాళ్లు సాధారణంగా చూపే ఆదర్శం కాంచీపురం దగ్గరి ఉత్తరమేరూరు. అక్కడి పదో శతాబ్దపు చోళ శాసనాల్లో ఏరి వారియం, అంటే చెరువు సంఘం, కనిపిస్తుంది. కుండలో చీటీలు వేసి ఏడాదికొకసారి సభ్యులను తీసేవారు. లెక్క చూపనివాడికి మళ్లీ అవకాశం లేదు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ చీటీలో పేరు పడాలంటే సొంత భూమి ఉండాలి, సొంత ఇల్లు ఉండాలి, వేదం వచ్చి ఉండాలి. తట్ట మోసినవాడి పేరు ఆ కుండలోకి ఎలాగూ రాదు. మన ఊళ్లలోనూ తవ్వింది వడ్డెరలు, మోసింది వెట్టి కింద వచ్చిన మాల మాదిగలు, నీరు పారింది పెద్ద రైతుల మడులకు. దీనికి తోడు, తమిళనాట రామనాథపురం, శివగంగ ప్రాంతాల చెరువుల చరిత్రను తరచి చూసిన డేవిడ్ మోస్ ఇంకో మాట కూడా చెప్పాడు. ఊరంతా కలిసి చేసుకునే అనాది కుడిమరామత్తు అనే చిత్రాన్ని చాలావరకు ఆంగ్లేయ అధికారులే గీశారని, చెరువులను నిలబెట్టింది గ్రామ ఐకమత్యం కన్నా పాలెగార్లు, జమీందార్లు పంచిన వాటాలూ హోదాలేనని అతని వాదన. ఇది నా వాదనకు అడ్డు వస్తుందనుకోను, నిజానికి బలమే ఇస్తుంది. ఊరు మంచిదైనందువల్ల చెరువు నిలవలేదు. వాటా ఉన్నవాడు తన వాటా కోసం పట్టించుకున్నాడు, లేనివాడి చేత బలవంతంగా చేయించాడు. ఆ ఏర్పాటులోని అన్యాయాన్ని దాచకుండానే, అది ఎందుకు పనిచేసిందో చెప్పుకోవచ్చు. అలాగే ఆ కాలంలోనూ చెరువులు పూడాయి, తెగాయి, పాడుపడ్డాయి. యుద్ధం వచ్చి ఇనాందారు ఊరు వదిలితే, కరువుకు రైతులు వలస పోతే చెరువు చూసేవాడుండడు. దత్తమండలాలను 1800 నుంచి 1807 దాకా పాలించిన థామస్ మన్రో అక్కడ చెరువు కట్టడానికి అనువైన చోటు దాదాపు ఎక్కడా మిగల్లేదని, అన్ని చోట్లా జనం ఎప్పుడో కట్టేశారని రాశాడు. పూడిపోయిన పాత చెరువులను మళ్లీ నిలబెట్టడం మీదా అతనికి పెద్ద ఆశ లేదు.

మన్రో తరవాత వచ్చిన దొరతనం చేసిన మార్పును ఒక్క చట్టానికి అంటగట్టలేం. 1850ల చివర్లో ఇనాం కమిషన్ ఊరూరా ఇనాముల పత్రాలు పరిశీలించింది. భూమి ఎవరి పేరన ఉంది, దాని మీద ఎంత శిస్తు రావాలి అన్నది కమిషన్‌కు ముఖ్యమైంది, ఆ భూమి వెనకున్న చెరువు పని షరతుగా కాగితంలో ఉండిపోయింది. శిస్తు సర్కారుకు, సాగు రైతుకు, మరమ్మతు పబ్లిక్ వర్క్స్ శాఖకు అని చెరువు బాధ్యత మూడు ముక్కలైంది. ఇనాందారు చెరువును పట్టించుకోవడం మానేశాడని రెవెన్యూవాళ్లు, పెద్ద పనులన్నీ సర్కారే చేస్తానంటుంటే మాకెందుకని ఇనాందార్లు అనుకునే పరిస్థితి వచ్చింది. 1858 నాటి ఒకటో చట్టం ఈ చిక్కును బలవంతంతో విప్పాలని చూసింది. కట్టకు గండి పడబోతే కూలీలను బలవంతంగా పిలవొచ్చు. ఆనవాయితీగా రావాల్సిన పనికి రానివాడి దగ్గర ఆ పని విలువకు రెండింతలు రాబట్టొచ్చు. గండి పడే రాత్రికి ఈ చట్టం పనికొస్తుంది. పూడిక ఒక్క రాత్రిలో ముంచుకొచ్చే ప్రమాదం కాదు, ఏడాదికి ఇంత అని పెరిగేది. ఫలానా రోజున పనికి రాలేదని ఎవరి మీద జుల్మానా వేస్తారు? కుడిమరామత్తును కట్టుదిట్టం చేసే చట్టం తేవాలని మద్రాసు ప్రభుత్వం ఆ తరవాత దశాబ్దాల పాటు ముసాయిదాలు రాస్తూనే ఉంది. ఊళ్లో ఎవరి వంతు ఎంత అన్న పాత లెక్క పోయాక దాన్ని చట్టంలో ఎవరూ రాయలేకపోయారు.

1876-78 కరువు తరవాత, 1883లో మద్రాసు ప్రభుత్వం చెరువుల పునరుద్ధరణ పథకం పెట్టింది. ఇంజనీర్లు చెరువు చెరువూ కొలిచి కట్ట ఎత్తు, అలుగు పొడవు, తూము కొలతలు ఖరారు చేశారు. అది చిన్న పనేమీ కాదు, మన దగ్గర ఎన్నో చెరువులకు తొలిసారి కొలతలు దొరికింది అప్పుడే. అయితే పూడిక తీయడం గిట్టుబాటు కాదన్నది ఆ కాలపు ఇంజనీర్ల నమ్మకం. తట్టతో మట్టి మోయించే ఖర్చుకు, దానివల్ల అదనంగా నిలిచే నీటికి పొంతన కుదరదు. అలుగు రెండడుగులు పైకెత్తితే అంతే నీరు చౌకగా వస్తుంది. లెక్కగా చూస్తే వాళ్ల మాట నిజమే. కాకపోతే ఆ లెక్కలో రెండు సంగతులు లేవు. మట్టికి ఎరువుగా ఉన్న విలువ ఒకటి. అలుగు లేపితే పైన మునిగే పొలం ఎవరిది అన్నది రెండోది. గొలుసుకట్టు చెరువుల్లో కింది ఊరి అలుగు లేస్తే నీరు పై ఊరి పొలం మీదికి పోతుంది. అలా పూడిక సమస్య రెండు ఊళ్ల తగాదాగా మారి కలెక్టర్ కచేరీకి ఎక్కుతుంది. పోరుమామిళ్ల శాసనం రెండు రాజ్యాల పొలిమేరను దోషంగా ఎందుకు లెక్కపెట్టిందో ఇక్కడ అర్థమవుతుంది.

తెలంగాణలో కథ మరో మలుపు తిరిగింది. చెరువు గర్భంలోని శిఖం భూమి, నీరు తగ్గినకొద్దీ పైకి తేలే ఆ నేల, ఊరి చుట్టుపక్కల అన్నిటికన్నా సారవంతమైనది. పూడిక పెరిగినకొద్దీ శిఖం విస్తరిస్తుంది, తొందరగా ఆరుతుంది. దాన్ని దున్నుకునేవాడికి చెరువు నిండకపోవడమే మేలు. పూడిక చెరువును పూడ్చి ఊరుకోదు, తన పక్షాన మనుషులను కూడా తయారుచేసుకుంటుంది. ఊళ్లో పెత్తనం ఉన్నవాడే శిఖం పట్టుకుంటే ఇక తూము నోరు ఎవరు బాగు చేయిస్తారు? ఈ చిక్కు పెద్ద జలాశయాలకూ తప్పలేదు, రూపం మాత్రమే వేరు. మంజీర మీద 1923-31 మధ్య కట్టిన నిజాంసాగర్ నాలుగైదు దశాబ్దాల్లోనే సగానికి పైగా నిల్వను పూడికకు పోగొట్టుకుంది. ఆ మట్టి బీదర్, మెదక్ వైపు ఎన్నో ఊళ్ల పొలాల నుంచి కొట్టుకొచ్చింది. ఆ పొలాల రైతులకు నిజాంసాగర్ నీటిలో చుక్క వాటా లేదు. వాళ్లు గట్లు వేసుకోలేదని నిందించడం దండగ.

ఇక్కడే రెండో ఆక్షేపణ ఎదురవుతుంది. మట్టి పుట్టేది చెరువులో కాదు, పైనున్న చేలల్లో, గుట్టల్లో. మరి చెరువు చూసేవాడు ఎంత శ్రద్ధగా ఉంటే మాత్రం ఏం లాభం? మాట నిజమే. స్వాతంత్య్రం వచ్చాక ప్రభుత్వం పట్టించుకున్నది మొదట ఆ పై భాగాన్నే. 1949లో మద్రాసు రాష్ట్రం కాంటూరు గట్ల చట్టం చేసింది. రాయలసీమ మెట్ట చేలల్లో సమోన్నత రేఖల వెంట గట్లు వేయించాలని దాని ఉద్దేశం. శాస్త్రప్రకారం అది సరైనదే, కానీ ఆ రేఖలు పొలం హద్దులను పట్టించుకోవు. ఒక రైతు చేను నడుమ వంకరగా గట్టు పడితే నాగలి తిరగడం కష్టం, గట్టుకు అటుపక్కది నీదా నాదా అన్న గొడవ వేరే. సర్కారు ఖర్చుతో వేసిన గట్లను చాలాచోట్ల మెల్లమెల్లగా దున్నేశారు. అలాగని రైతుకు మట్టి మీద పట్టింపు లేదనలేం. తెలంగాణ చెలకల్లో వంక కోసిన చోట రాళ్లు పేర్చి, కొట్టుకొచ్చే మన్నును ఏళ్ల తరబడి ఆపి, ఆ మడిలో వరి వేసుకోవడం రైతులు తమంతట తాము చేసిన పనే. ఆగిన మన్ను తన చేలో నిలుస్తుందంటే రాయి పేర్చడానికి ఎవరూ వచ్చి చెప్పనక్కర్లేదు. పై పొలంలో పనిచేసిన లెక్క, కింద చెరువులో పనిచేసిన లెక్క ఒక్కటే.

ఆ లెక్కను 1990లలో రెండు మంచి సంస్కరణలు గుర్తించాయి, విచిత్రంగా రెండూ విడివిడిగా. సి.హెచ్. హనుమంతరావు కమిటీ సిఫారసుల మీద 1995 ఏప్రిల్ నుంచి అమలైన వాటర్‌షెడ్ మార్గదర్శకాలు సుమారు 500 హెక్టార్లను ఒక యూనిట్‌గా తీసుకుని, నిధులు, నిర్ణయాలు ఊరి కమిటీ చేతిలో పెట్టాయి. రెండేళ్లకు, 1997లో, ఆంధ్రప్రదేశ్ రైతుల సాగునీటి వ్యవస్థల యాజమాన్య చట్టం వచ్చింది, పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఎన్నికయ్యాయి. మొదటిది గ్రామీణాభివృద్ధి శాఖది, రెండోది నీటిపారుదల శాఖది. వాటర్‌షెడ్ కమిటీ చెరువుకు పైన చెక్‌డ్యాములు, రాతికట్టలు వేయించింది. నీటి సంఘం చెరువుకు కింద కాలువలు బాగుచేయించింది. ఒకే వాగు, ఒకే మట్టి, పెత్తనాలు రెండు. ఈ రెండు సంఘాలూ ఒకచోట కూర్చుని లెక్కలు సరిచూసుకోవాలని రెండు నిబంధనావళుల్లో దేనికీ పట్టలేదు. పైగా నీటి సంఘంలో ఓటు ఆయకట్టు రైతుకే. చెరువుకు పైన చేను ఉన్నవాడు, శిఖం దున్నేవాడు, చేపలు పట్టే బెస్తవాడు చెరువుకు ఎంత దగ్గరివాళ్లైనా ఆ జాబితాలో పరాయివాళ్లే. పూడికను పంపేవాడూ, పూడిక మీద బతికేవాడూ లేని సభలో పూడిక గురించి తీర్మానం చేస్తే అది కాంట్రాక్టు పనిగా తేలక ఇంకేమవుతుంది?

జేసీబీ వచ్చాక ఈ చర్చంతా పాతబడిందనేవాళ్లు ఉన్నారు. వాళ్లకు బలమైన ఉదాహరణ మిషన్ కాకతీయ. 2015 మార్చి 12న సదాశివనగర్‌లో మొదలైన ఆ పథకం తెలంగాణలో 46 వేలకు పైగా చెరువులను గుర్తించి, విడతలవారీగా బాగుచేయాలని పెట్టుకుంది. మట్టి తవ్వి ఎత్తే ఖర్చు ప్రభుత్వానిది, పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. దశాబ్దాలుగా గిట్టుబాటు కాదని ఇంజనీర్లు పక్కనపెట్టిన పని ట్రాక్టర్ కిరాయి తానే భరించి రైతు చేసి చూపించాడు. మట్టికి విలువ ఉందన్న పాత లెక్క తప్పు కాదని దీనితో తేలిపోయింది. ఆ పథకంలో నాకు మెచ్చదగ్గదిగా కనిపించే అంశం యంత్రం కన్నా ఈ ఖర్చు పంపకమే. కానీ యంత్రం ఒక వేసవిలో తవ్వుతుంది, వాన ఏటా మట్టి తెస్తుంది. రైతు తోలుకున్నది కట్ట వైపు నల్లమట్టి. వాగు మొఖాన ఇసుక మేట చాలాచోట్ల అలాగే మిగిలిపోతుంది, ఎందుకంటే దాన్ని కొనేవాడు లేడు. ఇక బోర్లు వచ్చాక చెరువుతో పనేముందనే మాటకు ఊరి బోర్లే జవాబు చెబుతాయి. 2004లో ఉచిత కరెంటు వచ్చాక తూము నీటి కన్నా మోటారు నీటికి అలవాటు పడ్డ ఆయకట్టులో కూడా, చెరువు నిండిన ఏడు బోర్లు పోస్తాయి, ఎండిన ఏడు గాలి పోస్తాయి. అడుగున సన్న ఒండ్రు పేరుకున్న చెరువులో నీరు కిందికి ఇంకడం మందగిస్తుంది. అంటే ఇప్పుడు పూడికతో నష్టపోయేవాళ్లలో ఆయకట్టుకు బయట బోరు వేసుకున్న రైతు కూడా ఉన్నాడు. అతనికి నీటిలో వాటా ఉంది, పెత్తనంలో లేదు.

2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో సాగునీటి సంఘాలకు మళ్లీ ఎన్నికలు జరిగాయి. ఓటర్ల జాబితా 1997 నాటి పద్ధతిలోనే, ఆయకట్టు సర్వే నంబర్ల ప్రకారమే తయారైంది. ఆ జాబితాకు చెరువు పైని చేల సర్వే నంబర్లనూ, చెరువు ఊటతో పోసే బోర్లనూ కలపడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, ఉన్న చట్టానికి సవరణ చాలు. మట్టి తోలుకునే హక్కును వేలం వేయకుండా, వాగు మొఖాన మేట తీసిన రైతుకు కట్ట వైపు నల్లమట్టి ముందుగా ఇచ్చే నియమం పెట్టడానికి ఆ మాత్రం కూడా అక్కర్లేదు, సంఘం తీర్మానం సరిపోతుంది.